బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు: తలనొప్పిని దాచిపెట్టకండి

భువనగిరి కోట రాతి మీద క్లైంబింగ్ నేర్పుతుంటాను. డార్జిలింగ్ హెచ్‌ఎంఐ, ఉత్తరకాశీ నిమ్ లాంటి పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు (బీఎంసీ) చేయడానికి వెళ్లబోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, నేను రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాను. ఎత్తు వల్ల నాకేం కాదు కదా?"

అపోహ: ఫిట్‌గా ఉన్నవాళ్లకు ఏఎంఎస్ (ఎత్తు పడక వచ్చే తలనొప్పి, వికారం లాంటి జబ్బు) రాదు.

వాస్తవం: వస్తుంది. పరుగుతో గుండె, కాళ్లు గట్టిపడతాయి, రక్‌శాక్ మోయడానికి అది కావాలి కూడా. కానీ పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడటం వేరే సంగతి. అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పైగా దమ్మున్న కుర్రాళ్లే అందరికంటే ముందు క్యాంపు చేరాలని ఉరికి ఇబ్బందుల్లో పడతారు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. హెచ్‌ఎంఐ బేస్ క్యాంపు చౌరీఖాంగ్ దాదాపు 14,600 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి నిదానంగా నడిపిస్తున్నారని విసుక్కోకండి.

ప్రాణం మీదకు తెచ్చేది తలనొప్పిని దాచిపెట్టడమే. నేను తీసుకెళ్లిన ఒక బృందంలో గుంటూరు కుర్రాడు ఉండేవాడు, మంచి రన్నర్. రాత్రి ఆకలి లేదని అన్నం మానేశాడు. పొద్దున బూట్ల లేసులు కట్టుకోలేక తంటాలు పడుతుంటే అనుమానం వచ్చి, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమన్నాను. నాలుగడుగులకే తూలాడు. హేస్, అంటే ఎత్తు వల్ల మెదడు వాయడం, మొదలైందన్నమాట. ఆక్సిజన్ పెట్టి అప్పటికప్పుడే కిందికి దింపేశాం. తేరుకున్నాక ఏడ్చేశాడు: "రెండు రోజుల నుంచి నొప్పి ఉంది సార్. చెబితే ఇంటికి పంపేస్తారని భయమేసింది. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు."

ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మొదటి పూటే చెబితే చాలాసార్లు అదే ఎత్తులో ఆపి, విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుంది, కోర్సూ సాగుతుంది. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే మాత్రం తెల్లారేదాకా చూడొద్దు, దిగిపోవాలి. ఈసారి పూర్తికాకపోతే మళ్లీ చేరవచ్చు.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ముక్కు చల్లగా అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ రవ్వంత కూడా పెరగదు. కింద ఉండాల్సిన మనిషి దాన్ని పీలుస్తూ పైనే కూర్చుంటాడు. ఎత్తుకు వెళ్లేవాళ్లు వేసుకునే డయామాక్స్ మాత్ర జబ్బును కప్పిపెడుతుందనేది కూడా తప్పే. అది ఒళ్లు త్వరగా అలవాటు పడటానికి సాయపడుతుంది. డాక్టర్ని అడిగే వాడండి, సల్ఫా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి.

ఇక మిగతావి. రాక్ క్లైంబింగ్‌కు కండలు అక్కర్లేదు, బరువు కాళ్ల మీద వేయడం వస్తే చాలు. ఐస్ యాక్స్, క్రాంపాన్లు, హార్నెస్ లాంటి సామాను సంస్థలే ఇస్తాయి, కొనకండి. బీఎంసీ అయిపోగానే ఎవరెస్ట్ కాదు, 'ఏ' గ్రేడ్ వస్తే అడ్వాన్స్ కోర్సు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ కూడా ఈ భువనగిరి రాతి మీద నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకునే వెళ్లింది.

తల్లిదండ్రులకు ఒక మాట. "నన్ను కిందికి దింపేశారు" అని పిల్లాడు ఫోన్ చేస్తే ఫీజు సంగతి ఎత్తకండి. తలనొప్పి తగ్గిందా, అన్నం తిన్నావా అని అడగండి.