కదలని దావా, కదిలించిన సంపాదకుడు: హెరాల్డ్ ఎవాన్స్ పోరాటం

కోర్టులో నడుస్తున్న వ్యవహారం గురించి పత్రిక ఎంతవరకు రాయొచ్చు? బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు ఇప్పుడున్న చట్టపరమైన సమాధానం వెనక ఒక మందు, ఒక విస్కీ కంపెనీ, హెరాల్డ్ ఎవాన్స్ అనే సంపాదకుడు ఉన్నారు.

ఎవాన్స్ 1928లో మాంచెస్టర్ పక్కన ఎక్లెస్‌లో పుట్టారు. తండ్రి రైలింజను డ్రైవరు. పదహారేళ్లకే ఆష్టన్-అండర్-లైన్‌లో ఒక వారపత్రికలో చేరారు. 1961లో డార్లింగ్టన్ నుంచి వెలువడే నార్తర్న్ ఎకో సంపాదకుడయ్యారు. చేయని హత్యకు 1950లో ఉరికంబమెక్కిన తిమోతీ ఎవాన్స్‌కు న్యాయం జరగాలని అక్కడ పట్టువదలకుండా రాయించారు. 1966లో మరణానంతర క్షమాభిక్ష వచ్చింది. వార్త వేసి చేతులు దులుపుకోవడం ఆయనకు చేతకాదు. 1967లో సండే టైమ్స్ పగ్గాలు పట్టినప్పుడు వెంట తెచ్చుకున్నది ఆ పట్టుదలే.

మొదట చెప్పిన ఆ మందు పేరు థాలిడొమైడ్. దాన్ని తయారుచేసింది జర్మనీకి చెందిన గ్రూనెన్‌తాల్ అనే మందుల కంపెనీ. బ్రిటన్‌లో 1958 నుంచి డిస్టిల్లర్స్ కంపెనీ దాన్ని డిస్టావల్ పేరుతో అమ్మింది. ఆ కంపెనీ అసలు వ్యాపారం విస్కీ. నిద్రపట్టకపోయినా, వేవిళ్లు బాధించినా గర్భిణులకు డాక్టర్లు ఆ మాత్ర రాసేవారు. గర్భం నిలిచాక సుమారు 20 నుంచి 36 రోజుల మధ్య, శిశువుకు చేతులూ కాళ్లూ ఏర్పడే వేళ, ఒక్క మాత్ర మింగినా చాలు, బిడ్డ అవయవలోపంతో పుట్టే ప్రమాదం ఉంది. 1961 చివర్లో మందును వెనక్కి తీసుకునేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

1962 నుంచి తల్లిదండ్రులు దావాలు వేశారు. పూర్తిగా గెలిస్తే వచ్చే పరిహారంలో 40 శాతానికి 1968లో 62 మంది పిల్లల కేసులు రాజీ అయ్యాయి. కంపెనీ నిర్లక్ష్యం చేసిందన్న ఆరోపణను వెనక్కి తీసుకోవాలన్నది షరతు. మిగిలిన కుటుంబాలకు 32.5 లక్షల పౌండ్ల నిధి ఇవ్వజూపారు, అదీ అందరూ ఒప్పుకుంటేనే. నిర్లక్ష్యం జరిగిందా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. కానీ దావా పెండింగ్‌లో ఉన్నంతకాలం తప్పెవరిదని రాస్తే కోర్టు ధిక్కారం, సంపాదకుడు జైలుకు వెళ్లాల్సి రావచ్చు. విచారణ జరగదు, రాయడానికీ వీల్లేదు. ఏళ్లు గడిచేకొద్దీ లాభపడింది కంపెనీయే.

ఎవాన్స్, పత్రిక న్యాయ సలహాదారు జేమ్స్ ఎవాన్స్ కలిసి వ్యవహారాన్ని రెండుగా చీల్చారు. తప్పెవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఇవ్వజూపిన సొమ్ము ధర్మంగా ఉందా అని అడిగారు. 1972 సెప్టెంబరు 24న ‘మన థాలిడొమైడ్ బిడ్డలు: జాతికి సిగ్గుచేటు’ అన్న అర్థం వచ్చే శీర్షికతో కథనం వచ్చింది. ఈ విషాదం ఎలా జరిగిందో మరో కథనంలో వివరిస్తామని అందులోనే చిన్న సూచన ఉంది. అసలు పోరు దానిమీదే నడిచింది. అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు. నవంబరు 17న ఆ రెండో కథనంపై నిషేధం వచ్చింది.

పరిహారం గురించిన మొదటి సగాన్ని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. ఎంపీ జాక్ ఆష్లీ విషయాన్ని పార్లమెంటులో చర్చకు తెచ్చారు. వాటాదారులూ కంపెనీని నిలదీశారు. 1973 జనవరికి కంపెనీ ఇస్తామన్న మొత్తం 2 కోట్ల పౌండ్లకు చేరింది. ఈ వ్యూహం సరైనదేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నిషేధం సంగతి వేరు. 1973 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని ఎత్తేసింది. జులైలో, అప్పట్లో దేశంలో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తిరిగి నిలబెట్టారు. కోర్టు తేల్చాల్సిన దాన్ని పత్రిక ముందే తేల్చకూడదన్నది వారి వాదన. 1976 జూన్‌లో నిషేధం తొలగాకే, నాలుగేళ్లు ఆలస్యంగా, ఆ కథనం అచ్చయింది. ఎవాన్స్ అక్కడితో ఆగలేదు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1979 ఏప్రిల్ 26న 11-9 ఓట్లతో, నిషేధం భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని తీర్పిచ్చింది. రెండు ఓట్ల తేడాతో దక్కిన గెలుపు అది.

1981లో టైమ్స్ సంపాదకుడైన ఎవాన్స్, యజమాని రూపర్ట్ మర్డోక్‌తో పొసగక ఏడాదికే బయటికొచ్చారు. తర్వాత అమెరికా వెళ్లి ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థను నడిపారు. 2020లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

స్ట్రాస్‌బర్గ్ తీర్పు తర్వాత 1981లో బ్రిటన్ కొత్త కోర్టు ధిక్కార చట్టం తెచ్చింది. విచారణకు తీవ్రమైన హాని కలిగే గట్టి ప్రమాదం ఉంటేనే కథనం ధిక్కారం కిందికి వస్తుంది. సివిల్ దావాలో ఆ ఆంక్ష దాఖలైన రోజు నుంచి కాక, విచారణకు ఏర్పాట్లు జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. ఈ నిబంధన 1972లోనే ఉండుంటే, పదేళ్లుగా కదలని ఆ దావాలు ఆ పిల్లల కథకు అడ్డుపడేవి కావు.