ఆ చిట్టెలుక ఈ రోజు ఎన్ని నీళ్లు తాగింది?

మెదడు ఎలా పనిచేస్తుందో చూసే ప్రయోగాల్లో చిట్టెలుకకి ఒక పని నేర్పుతారు. ఫలానా శబ్దం వినిపించినప్పుడు గొట్టాన్ని నాకాలి, సరిగ్గా నాకితే ఒక చుక్క నీళ్లు వస్తాయి. కడుపునిండా తాగిన ఎలుక ఆ ఒక్క చుక్క కోసం ఎందుకు కష్టపడుతుంది? అందుకే రోజూ ఇచ్చే నీళ్లు తగ్గిస్తారు, కొన్నిచోట్ల తిండి తగ్గిస్తారు. ఊరికే తగ్గించడానికి వీల్లేదు. మన దేశంలో అయితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పాటైన కమిటీ నిబంధనల ప్రకారం సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందుగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక రోజూ చేయాల్సింది రాతపని: ఏ ఎలుక ఎంత తాగింది, ఎంత బరువుంది అని. దీన్ని గుమస్తా పనిలా చూసేవాళ్లు ఉన్నారు కానీ, నా ఉద్దేశంలో ప్రయోగం మొత్తంలో ఎలుక తరఫున జరిగే పని ఇదే, ఎందుకంటే తనకి దాహంగా ఉందని అది చెప్పలేదు, కాగితం మీద అంకెలే చెప్పాలి.

సీసా ఎప్పుడూ అందుబాటులో ఉంటే 25 గ్రాముల చిట్టెలుక రోజుకి సుమారు 4 మిల్లీలీటర్లు తాగుతుంది. కట్టడిలో పెట్టినప్పుడు చాలా ల్యాబుల్లో ఇచ్చేది 1 మిల్లీలీటరు దగ్గర ఉంటుంది. నీళ్లు తగ్గితే ఎండు మేత కూడా సరిగా తినదు, కాబట్టి పడిపోయే బరువులో దాహం ఒక్కటే కాదు, ఆకలి కూడా ఉంటుంది. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇందుకే బరువు కనీసం వారానికోసారి రాయమంటాయి, కట్టడి గట్టిగా ఉంటే ఇంకా తరచుగా. ప్రతి జంతువుకీ విడిగా ఆ రోజు తిన్నదీ తాగిందీ, ఒంట్లో నీటి పరిస్థితీ, ప్రవర్తనలో మార్పులూ రాసి ఉంచమంటాయి.

అలాంటి రికార్డులో ఒక ఎలుక తాలూకు ఒక రోజు వరుస తీసుకుని చూద్దాం. మొదటి బరువు 25 గ్రాములు. ఈ రోజు 21.4, అంటే 85.6 శాతం. ప్రయోగంలో సంపాదించుకున్నది 0.6 మిల్లీలీటర్లు, తర్వాత చేత్తో ఇచ్చింది 0.4. చూడటానికి అంతా బాగానే ఉంది, చాలా ల్యాబుల్లో మొదటి బరువులో 80 శాతమో 85 శాతమో కంటే కిందికి పోకూడదని హద్దు పెట్టుకుంటారు కాబట్టి ఎవరూ ఆందోళన పడరు. కానీ ఆ తూకం ఎప్పుడు వేశారు? 1 మిల్లీలీటరు నీళ్లంటే 1 గ్రాము, 25 గ్రాముల ప్రాణికి అది 4 శాతం. తాగాక తూచితే నిన్నటికంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఏమీ మారలేదు. తల కదలకుండా పట్టి ఉంచడానికి ఆపరేషన్ చేసి పుర్రెకి ఒక పట్టీ బిగిస్తారు. మొదటి బరువు ఆపరేషన్‌కి ముందుదైతే, ఆ పట్టీ, దాన్ని అతికించిన సిమెంటు కలిపి 1 గ్రాము ఉంటే, ఎలుక అసలు బరువు 20.4, అంటే 81.6 శాతమే! అందుకే శాతం ఒక్కటి రాసి వదిలేయకూడదు. ఏ రోజు బరువుతో పోల్చారో, పట్టీ బరువు తీసేశారో లేదో, తూచిన టైము ఎంతో పక్కనే ఉండాలి.

వయసు సంగతి ఇంకా మోసం చేస్తుంది. 6 వారాల పిల్ల ఎలుక 20 గ్రాములున్నప్పుడు కట్టడి మొదలుపెట్టి, అప్పటి బరువులో 85 శాతం దగ్గర ఉంచారనుకోండి, ఆరు వారాలు గడిచినా అది 17 గ్రాముల దగ్గరే ఉంటుంది. మామూలుగా తాగే దాని తోటి ఎలుకలు ఈలోగా 26కి పెరిగి ఉంటే, వాటితో పోలిస్తే ఇది 65 శాతం. పాత అంకెతో లెక్కేస్తే ఆ ఎలుక రోజూ పాసవుతూనే ఉంటుంది. ఎదిగే జంతువుని అదే వయసు వాటితో పోల్చాలి, ఆ పోలిక కూడా రికార్డులో ఉండాలి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఖాళీ గడి. ఆదివారం గడి ఖాళీగా ఉంటే నీళ్లు ఇచ్చి రాయలేదా, అసలు ఇవ్వలేదా? మీరు ఇచ్చారని నేను, నేను ఇచ్చానని మీరు అనుకుంటే మధ్యలో ఎలుక ఎండిపోతుంది. ఇవ్వకపోతే సున్నా రాయాలి, ఇస్తే ఇచ్చిన చేయి అక్కడే, అప్పుడే సంతకం పెట్టాలి, సోమవారం వచ్చి గుర్తు తెచ్చుకుని నింపకూడదు. ఒకే పంజరంలో నాలుగు ఎలుకలుంటే మొత్తం 4 మిల్లీలీటర్లు అని రాస్తే ఏమీ తెలియదు, బలమైనది రెండు వంతులు తాగేసి ఉండొచ్చు. విడివిడిగా ఇచ్చి విడివిడిగా రాయాల్సిందే.

అంకెలతో పాటు చూసి రాయాల్సినవీ ఉన్నాయి: మెడ దగ్గర చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకుందా, బొచ్చు నిక్కబొడుచుకుందా, కళ్లు లోతుకి పోయాయా, మూల కూర్చుందా. ఎక్కడ ఆపాలో ముందే రాసి ఉండాలి, ఆ గీత దాటిన రోజు డేటా ఎంత బాగా వస్తున్నా సరే నీళ్లు ఇచ్చేయాలి. ఈమధ్య కొన్ని ల్యాబుల్లో నీళ్లు తగ్గించే బదులు కాస్త సిట్రిక్ యాసిడ్ కలిపిన పుల్లటి నీళ్ల సీసా ఎప్పుడూ ఉంచుతున్నారు, ఎలుక కావాలంటే తాగుతుంది, మంచినీళ్ల చుక్క కోసం పనీ చేస్తుంది. ఇది నాకు బాగా నచ్చిన మార్పు. అయితే పులుపు వల్ల తక్కువే తాగుతుంది కాబట్టి దీనికీ తూకం తప్పదు, ప్రయోగం అయిపోయి మామూలు సీసా తిరిగి పెట్టాక బరువు కోలుకునేదాకా కూడా రాస్తూనే ఉండాలి.