"మా గుంటకి లెక్కల బుర్ర నేదు మాస్టారూ": కొన్ని అపోహలు, వాస్తవాలు

పలాస దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏటా జూన్‌లో ఎవరో ఒక తల్లి వచ్చి, పిల్ల పక్కనే ఉండగా అంటుంది: "మా ఇంట్లో ఎవులికీ లెక్కలు రావు మాస్టారూ, దీనికీ ఆ బుర్ర నేదు." పిల్ల తల దించుకుంటుంది. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: లెక్కలు పుట్టుకతో రావాలి.

పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 47, 38 కూడమంటే ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు వేసి ఒకటి మనసులో ఉంచుకోవాలి. ఆ ఒకటిని ఉంచుకునే చోటు ఎవరికైనా చిన్నదే. "తప్పయితే తిడతారు" అన్న భయం కూడా అక్కడే వచ్చి కూర్చుంటుంది. 2001లో అమెరికాలో ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ ప్రచురించిన పరిశోధనలో, లెక్కలంటే భయమున్నవాళ్లు ఎక్కువ తడబడింది సరిగ్గా ఇలాంటి కూడికల్లోనే. ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో రాకపోవడానికి కారణం బుర్ర లేకపోవడం కాదు, టెన్షన్. అందుకే మా పిల్లలకు ఆ ఒకటిని కూడా కాగితం మీద రాయమంటాను.

నేను ఏడో తరగతిలో బోర్డు దగ్గర భిన్నాల లెక్క చేయలేక నిలబడిపోయాను. వెనక బెత్తం. సాయంత్రం ఇంటి ముందు మట్టిలో పుల్లతో గీస్తే అదే లెక్క నిమిషంలో వచ్చేసింది. బోర్డు దగ్గర ఎందుకు రాలేదని నన్ను ఎవరూ అడగలేదు.

మొన్న వచ్చిన తల్లిది జీడిపప్పు పని. "పిక్కల బస్తా 80 కిలోలు కదమ్మా, అందులో పప్పు ఎంత దిగుతుందో ముందే ఎలా చెబుతారు?" అన్నాను. కొన్ని పిక్కలు కోసి చూసి చెప్పేస్తామంది. అదే నిష్పత్తి. మేం బడిలో చెప్పే పాఠమే.

ఇంకో మాట. 2015లో అమెరికాలోనే ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయించిన పిల్లలు ఆ ఏడాది లెక్కల్లో తక్కువ నేర్చుకున్నారు. దయచేసి "నాకూ రాదమ్మా" అనకండి. "ఎలా చేశావో చెప్పు" అని అడిగి, వినండి చాలు.

అపోహ: గబగబా చేసేవాడిదే తెలివి.

కాదు. పదో తరగతి లెక్కల పరీక్షలో మొదటి 15 నిమిషాలు పేపర్ చదువుకోవడానికే ఇస్తారు. స్టెప్పులకూ మార్కులుంటాయి.

అపోహ: లెక్కలు రాకపోతే కంప్యూటర్ జోలికి పోకూడదు.

ఎవరు పుట్టించారో ఈ పుకారు! ప్రోగ్రాం రాయడానికి ముందుగా కావలసింది ఒక పనిని మెట్లు మెట్లుగా విడగొట్టడం. ఎర్రర్ వస్తే కంప్యూటర్ పాడైపోదు, దిద్దుకుని మళ్లీ నడిపించుకోవడమే.

అపోహ: సైన్స్ అంటే బట్టీ.

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చి 9, 10, అక్టోబర్ 1, 2 తేదీల ప్రాంతంలో. ఆ రెండు నెలలే ఎందుకని మా క్లాసులో అడిగాను. డిసెంబర్ 21 ప్రాంతంలో సూర్యుడు దక్షిణపు కొస దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాడు. కాబట్టి దానికి ముందు ఎన్ని రోజుల దూరంలో ఒకచోట ఉదయించాడో, తర్వాత దాదాపు అన్ని రోజులకే మళ్లీ అక్కడ ఉదయిస్తాడు. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21 దాకా 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10 దాకా లెక్కపెట్టమంటే ముందుగా చెయ్యెత్తింది ఆ జీడిపప్పు ఇంటి పిల్లే. ఫిబ్రవరికి 30 రోజులు వేసి 81 అంది. నేనేమీ అనలేదు. క్యాలెండర్ తిప్పి చూసుకుని, తనే కొట్టేసి 79 అని రాసింది.