ఎమ్మార్వో డిజిటల్ కీ బాగానే పనిచేస్తాంది కదా, మార్చేదెందుకు?

కర్నూలులో ఏ మండలాఫీసుకు పోయినా చూడొచ్చు, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ కీ సిస్టమ్‌కి పెట్టి పిన్ కొడితేనే మ్యుటేషన్‌కి (భూమి రికార్డులో పేరు మార్పుకి) ఎమ్మార్వో సంతకం పడేది. ఇట్లాంటి ప్రభుత్వ సిస్టమ్స్‌లో పాత క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని, సంతకాలను కాపాడే లెక్కల పద్ధతి) తీసి కొత్తది పెట్టేదే నా పని, సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్‌ని. బాగా నడిచేదాన్ని ఎందుకు కదిలిస్తారు అని మావాళ్లు అడుగుతాంటారు, న్యాయమైన ప్రశ్నే.

1998లో కార్డ్ ప్రాజెక్ట్‌తో మన రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్‌కెక్కినాయి, 2000లో ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి విలువ ఇచ్చింది, 2011లో మీసేవ వచ్చింది. ఈ సంతకాలకు ఎక్కువగా వాడింది ఆర్‌ఎస్‌ఏ, 1977 నాటి పద్ధతి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం ఈజీ, వచ్చినదాన్ని మళ్లీ విడగొట్టడం ఇప్పటి కంప్యూటర్లకు అయ్యే పని కాదు, దాని బలమంతా అక్కడే ఉంది. కానీ క్వాంటం కంప్యూటర్ (అణువుల స్థాయి భౌతిక సూత్రాలతో నడిచే వేరే రకం మిషన్) ఉంటే అయిపోతుందని 1994లోనే గణితవేత్త పీటర్ షోర్ లెక్కకట్టి చూపించినాడు.

అంత పెద్ద మిషన్ ఇంకా రాలేదు, నిజమే. అయినా ఆగకూడదని ఎందుకంటానంటే పాత అనుభవం అట్లాంటిది. డీఈఎస్ అనే కోడ్‌ని 1998లో మూడు రోజుల్లోపే పగలగొట్టినారు, దాని బదులుగా 2001లో ఏఈఎస్ అనే గట్టి కోడ్ వచ్చింది, అయినా డీఈఎస్‌నే మూడుసార్లు తిప్పి వాడే ట్రిపుల్ డీఈఎస్‌ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇక కొత్తగా వాడొద్దనేసరికి 2023 అయిపోయింది. భూమి కాగితమేమో తాత నుంచి మనవడిదాకా నిలబడాల. ఆర్‌ఎస్‌ఏ పడిపోయిన రోజు ఎవడన్నా పాత తేదీ వేసి దొంగ సంతకం పెడితే, అసలుదేదో నకిలీదేదో సంతకం చూసి తేల్చలేం. అందుకే పాత రికార్డులకు ఇప్పుడే, ఆర్‌ఎస్‌ఏ నమ్మకంగా ఉండగానే, క్వాంటం కంప్యూటర్‌కి కూడా లొంగని కొత్త పద్ధతిలో ఇంకో ముద్ర వేసి పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కొత్త పద్ధతుల కోసం నిస్ట్ 2016లో పిలుపిచ్చింది, 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలు ఖరారు చేసింది, 2035 తర్వాత ఆర్‌ఎస్‌ఏ వాడొద్దని ముసాయిదా కూడా పెట్టింది. లెక్కలు తేలినాయి, కష్టమంతా మా పనిలోనే ఉంది. ఆర్‌ఎస్‌ఏ ఎక్కడెక్కడ దూరి ఉందో ముందు వెతకాల, బ్యాకప్‌లలో, శాఖకీ శాఖకీ మధ్య లింకుల్లో, రాసినాయన రిటైరయిపోయిన కోడ్‌లో. సైజు ఇంకో తలనొప్పి. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం 256 బైట్లు, ఆ మూడు ప్రమాణాల్లో సంతకాల కోసం వచ్చిన ఎంఎల్-డీఎస్‌ఏలో అన్నిటికన్నా చిన్నదే 2,420 బైట్లు. పాత సైజుకే కొలిచి కట్టిన డేటాబేస్ కాలమ్‌లో అది పట్టదు, కాబట్టి అట్లాంటి ప్రతి కాలమ్‌నీ, దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామ్‌నీ పట్టుకుని మార్చి టెస్ట్ చేయాల్సిందే.