సూరత్ మనియార్డరు, గోపాలపూర్ తుఫాను

నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఎనిమిదో తరగతివాడు ఒకడున్నాడు. ఒడిశా తీరంలో గోపాలపూర్ పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సెల్‌ఫోన్‌లో హిందీ. తాత సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. నాన్న సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. పోయిన నెల జలచక్రం పాఠం మధ్యలో చెయ్యెత్తాడు.

“మాస్టారూ, ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు సముద్రం కాగిపోయిందా?”

“కాగడమేంట్రా? అక్టోబరులో మన సముద్రం 29, 30 డిగ్రీలుంటుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా అనిపించదు.”

“మరి కరెంటు స్తంభాలు వంచేసేంత బలం దానికెవరిచ్చారు?”

ఫైలిన్ నాటికి వాడు ఒళ్లో పిల్లాడు. నేను బరంపురంలోనే ఉన్నాను. 2013 అక్టోబరు 12, రాత్రి పదిన్నర ప్రాంతంలో అది గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటిపోయింది. మా వంటింటి కిటికీ గడియ ఊడిపోతే బీరువా అడ్డం జరిపి, దానికి వీపు ఆనించి తెల్లారేదాకా కూర్చున్నాం, నేనూ మా బావమరిదీ. వీపుకి ఆ బీరువా రేకు రాత్రంతా ఊపిరి తీసుకుంటున్నట్టు లోపలికీ బయటికీ కదులుతూనే ఉంది. పొద్దున మేడెక్కి చూస్తే నీళ్ల ట్యాంకు రెండు వీధుల అవతల పడి ఉంది.

కుర్రాడి ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంది. కానీ తుఫాను పాఠంలో కాదు, దానికి నాలుగు పాఠాల ముందు, ‘గుప్తోష్ణం’ అనే మాట కింద. మనం దాన్ని పరీక్షలో రెండు మార్కుల లెక్కగా మాత్రమే చెబుతాం. గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 540 కేలరీలు. పిల్లలు బట్టీ పడతారు, లెక్క చేస్తారు, మరిచిపోతారు. నేనూ ఇరవై ఏళ్లు అలాగే చెప్పాను.

ఆ రోజు మాత్రం వాణ్ణి అడిగాను: “మీ నాన్న డబ్బెలా పంపుతాడు?”

“ఇప్పుడు ఫోన్‌పే. ఇంతకు ముందు మనియార్డరు అంట, నానమ్మ చెప్పేది.”

ఆ మనియార్డరునే పట్టుకుందాం. సూరత్‌లో వాళ్ల నాన్న కౌంటరులో వెయ్యి రూపాయలు కట్టాడు. అక్కడ ఆయన జేబులో వెయ్యి తగ్గింది. దారిలో రైల్లో వెతికితే ఆ నోట్లు ఎక్కడా కనబడవు, ఒక కాగితం ముక్క మాత్రమే వెళ్తూ ఉంటుంది. గోపాలపూర్‌లో పోస్ట్‌మ్యాన్ వచ్చి నానమ్మ చేతిలో వెయ్యి పెడతాడు. కట్టింది ఒకచోట, తీసుకుంది ఇంకోచోట, మధ్యలో దాగి ఉంది. గుప్తం అంటే అదే.

నీటి ఆవిరి ఆ కాగితం ముక్క. సముద్రం మీద ఎండ పడుతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాటిని విడదీయడానికి వేడి ఖర్చవుతుంది. అలా విడిపోయిన కణం గాలిలో కలిసిపోతుంది. కట్టిన వేడి థర్మామీటరుకి దొరకదు, ఎందుకంటే అది గాలిని వెచ్చబెట్టలేదు, కణాల పట్టు విడిపించడానికే పోయింది. ఆ ఆవిరి ఎక్కడో చల్లబడి మళ్లీ నీటిబొట్టు అయినప్పుడు, కణాలు మళ్లీ కలుసుకున్నప్పుడు, కట్టిన వేడంతా అక్కడ బయటికొస్తుంది. పైసా తగ్గదు.

దీన్ని మొదట పసిగట్టినవాడు కూడా ఒక మాస్టారే. గ్లాస్గోలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్, 1760ల మొదట్లో. మంచు కరుగుతున్నంతసేపూ ఎంత వేడి పెట్టినా థర్మామీటరు కదలకపోవడం చూసి, ఈ వేడి ఎటు పోతోంది అని ఆలోచించాడు. నీళ్లు మరిగేటప్పుడూ అంతే. మన ఇళ్లల్లో అయితే ఆ అనుమానం ఇడ్లీ పాత్ర తీర్చేస్తుంది. మరిగే నీళ్లు చేతి మీద చిందినదానికన్నా మూత తీసినప్పుడు తగిలిన ఆవిరి ఘోరంగా కాలుస్తుంది. రెండూ 100 డిగ్రీలే. ఆవిరి మాత్రం మన చర్మం మీదే నీరై, మనియార్డరు అక్కడికక్కడే విడిపించేసుకుంటుంది.

ఇప్పుడు కాస్త లెక్క. నాకిష్టమైన భాగం ఇదే. లీటరు నీరు మామూలు వాతావరణంలో ఆవిరి కావడానికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే సుమారు 0.67 యూనిట్లు. పదిహేను లీటర్ల బకెట్ అయితే పది యూనిట్లు. అంటే తడిబట్టలు ఆరేసిన ప్రతిసారీ, మేడ మీద అప్పడాలు ఎండేసిన ప్రతిసారీ, మీటరు తిరగని ఒక బిల్లు ఎండ కడుతోంది. (బరంపురం అప్పడాలు ఎండపెట్టేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు: గాలి చెమ్మగా ఉన్న రోజు ఎంత ఎండున్నా అప్పడం ఆరదు. గాలిలో ఖాళీ లేకపోతే కొత్త కాగితం తీసుకోదు. మట్టి కుండ నీళ్లు పశ్చిమాన పొడిగాలి ఉండే టిట్లాగఢ్ వైపు చల్లబడినంతగా మన తీరంలో చల్లబడకపోవడానికీ అదే కారణం. కుండలో లోపం లేదు.)

చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడిందనుకోండి. అంటే కోటి లీటర్లు. ఆ నీరు మేఘంలో బొట్లు అయినప్పుడు పైన విడుదలైన వేడి సుమారు 67 లక్షల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే 33 వేల ఇళ్లకు నెల కరెంటు. మరి తుఫాను? వంద కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న వలయంలో ఒక రోజులో పది సెంటీమీటర్లు కురిస్తే విడుదలయ్యే వేడి రెండు లక్షల కోట్ల యూనిట్ల పైమాటే. మన దేశం ఈ మధ్య ఏడాది పొడవునా తయారుచేస్తున్న కరెంటు మొత్తం 1.7, 1.8 లక్షల కోట్ల యూనిట్లు. నేను ఈ లెక్క మూడుసార్లు వేసి చూసుకున్నాను. కుర్రాడు నోట్‌బుక్‌లో సున్నాలు పెట్టలేక పక్క పేజీలోకి వెళ్లాడు.

స్తంభాలు వంచింది ఆ డబ్బంతా కాదు. అందులో గాలి రూపంలోకి మారేది వందకు ఒక రూపాయి కూడా ఉండదు. మిగతాది పైకి పోయి, చివరికి అంతరిక్షంలోకి పరారుణ కిరణాలుగా వెళ్లిపోతుంది. కమీషన్ మాత్రమే మనకు తగిలింది.

ఆ కమీషన్ గాలిగా ఎలా మారుతుందో చూడాలి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. పొడి గాలి పైకి లేస్తే కిలోమీటరుకు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అలా చల్లబడినది చుట్టుపక్కల గాలికన్నా బరువెక్కి ఆగిపోతుంది. ఆవిరి నిండిన గాలి కథ వేరు. అది ఒక ఎత్తుకు చేరాక లోపలి ఆవిరి బొట్లు కట్టడం మొదలుపెడుతుంది, దాచిన వేడి విడుదలవుతుంది, అందుకని అక్కణ్ణుంచి కిలోమీటరుకు ఐదారు డిగ్రీలే చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉంది కాబట్టి తేలిక, తేలిక కాబట్టి ఇంకా పైకి, పైకి పోతే ఇంకా బొట్లు, ఇంకా వేడి. అలా పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పోగలదు. నడిమధ్యన గాలి స్తంభం మొత్తం తేలికైపోయింది కాబట్టి కింద పీడనం పడిపోతుంది. మామూలుగా 1010 మిల్లీబార్ల దగ్గర ఉండే బారోమీటరు అంకె ఫైలిన్ నడుమ 940 దాకా దిగింది. ఆ లోటు పూడ్చడానికి చుట్టూ ఉన్న గాలి సముద్రం మీదుగా పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేక సుడి తిరుగుతుంది.

అసలు కిటుకు ఆ పరుగులోనే ఉంది. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటామే, ఎందుకు? ఊదితే ఆవిరి తొందరగా పోతుంది. సముద్రం మీద గాలి ఎంత జోరుగా వీస్తే అంత ఆవిరి లేస్తుంది, అంటే అన్ని కొత్త మనియార్డర్లు. అవి నడుమకు చేరి విడుదలైతే గాలి ఇంకా పెరుగుతుంది. తన సాసర్‌ని తనే ఊదుకునే యంత్రం అది.

అలాంటప్పుడు అది ఎప్పటికీ పెరుగుతూనే ఉండాలి కదా? మరి శ్రావణ భాద్రపదాల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా మనకు ఇంత పెద్ద తుఫాన్లు ఎందుకు రావు? అప్పుడు కింద నైరుతి గాలి ఒకవైపు, చాలా పైన తూర్పు నుంచి జోరుగాలి ఇంకోవైపు. మేఘం కాళ్లు ఒకచోట, తల ఒకచోట. విడుదలైన వేడి ఒకే స్తంభంగా నిలబడకుండా పక్కకు కొట్టుకుపోతుంది. వాయుగుండాలు అవుతాయి గానీ రాక్షసులు కావు. రుతుపవనం వెనక్కి తిరిగాక ఆ ఎదురు గాలులు సడలుతాయి. అందుకే దసరా రోజుల్లో మన ఊళ్లకు ఈ టెన్షన్: 2013లో 12న ఫైలిన్, 2014లో మళ్లీ 12న విశాఖ మీద హుద్‌హుద్, 2018లో 11న పలాస దగ్గర తిత్లీ. అన్నీ అక్టోబరే.

అమ్మవారికి కోపమొచ్చిందని ఫైలిన్ అప్పుడు చాలామంది అన్నారు. దుర్గాష్టమి నాడే రావడం వల్ల ఆ మాటకు బలం దొరికింది. అష్టమి నవములు చెడ్డవని మనవాళ్లకు ఎటూ ఉన్న నమ్మకమే కదా. వేటకు వెళ్లే ముసలాయనని అడిగి చూడండి, ఇంకోలా చెప్తాడు: అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది, అష్టమికి చిన్నది. సూర్యచంద్రులు ఆ రోజు లంబంగా లాగుతారు కాబట్టి సముద్రం ఎక్కువ పొంగదు. ఉప్పెన పున్నమి పోటు మీద ఎక్కి వచ్చి ఉంటే నీళ్లు ఇంకా లోపలికి వచ్చేవి. నన్నడిగితే ఆ ఏడు అష్టమి మనకు మేలే చేసింది. దానికన్నా పెద్ద మేలు, ముందే సుమారు 10 లక్షల మందిని తీరం నుంచి ఖాళీ చేయించడం.

బంగాళాఖాతానికి ఇంకో గుణం ఉంది, పాఠాల్లో దీన్ని ఎవరూ చెప్పరు. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లనీళ్లు పైకి తెచ్చుకుంటుంది, దాంతో తన కౌంటరు తనే మూసేసుకుంటుంది. మన దగ్గర గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానాకాలమంతా మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. పాల మీద మీగడలా పైన పొర కట్టి నిలబడిపోతుంది, ఒక పట్టాన అడుగుతో కలవదు. ఎంత చిలికినా పైన వెచ్చగానే మిగులుతుంది. 1999లో అక్టోబరు 17న ఒక తీవ్ర తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. పన్నెండు రోజుల తర్వాత, 29న, పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. సుమారు 10 వేల మంది పోయారు. మొదటిది వచ్చి వెళ్లినా ఖజానా ఖాళీ కాలేదు.

తుఫాన్ల సంగతి అలా ఉంచండి. ఏ తుఫానూ లేని రోజున కూడా భూమి ఉపరితలం పీల్చుకున్న ఎండలో దాదాపు సగం ఈ మనియార్డర్ల మీదే పైకి పోతుంది. చదరపు మీటరుకు సగటున 80 వాట్లు. ఆ పంపిణీయే లేకపోతే నేల ఇప్పటికన్నా చాలా వేడెక్కేది, పైన గాలి ఇంకా చల్లగా ఉండేది, రుతుపవనానికి బలమే ఉండేది కాదు. అందుకే పుస్తకంలో జలచక్రం బొమ్మ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీటికి నాలుగు బాణాలు వేస్తారు, వేడికి ఒక్కటీ వెయ్యరు. సముద్రం నుంచి మేఘానికి వెళ్లే ఆ బాణం నీరు మోస్తోందని చెప్పి, డబ్బు సంచి సంగతి దాచేసినట్టు.

కార్బన్ డయాక్సైడ్, గ్రీన్‌హౌస్ గురించి అందరూ రాస్తున్నారు, నేను ఈ లెక్కకు తగిలే ముక్క ఒక్కటే చెప్తాను. అదనంగా చిక్కుకుంటున్న వేడిలో 90 శాతం పైగా సముద్రాల్లోకే పోతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు. తుఫాన్ల సంఖ్య పెరగాలని లేదు, కానీ వచ్చినదాని సంచి బరువు పెరుగుతుంది.

వారం తర్వాత కుర్రాడు ఇంకో ప్రశ్న తెచ్చాడు. “నేల మీదికొస్తే తుఫాను చచ్చిపోతుందంటారు కదా, మరి తిత్లీకి గజపతి జిల్లాలో కొండ ఎందుకు విరిగిపడింది?”

నేల మీదికి రాగానే కొత్తగా కట్టేవాళ్లుండరు. సూరత్‌లో మిల్లు మూతపడితే మనియార్డర్లు ఆగిపోయినట్టు. చెట్లూ ఇళ్లూ గాలిని కొంత ఆపుతాయి గానీ, దాన్ని చంపేది ఆవిరి అందకపోవడమే. గాలి గంటల్లో నీరసించిపోతుంది. కానీ అప్పటికే దారిలో ఉన్న కాగితాలు చెల్లకుండా పోవు కదా. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక, దాని మేఘాలు తూర్పు కనుమలకు తగిలాయి. మహేంద్రగిరి ఒక్కటే 1,500 మీటర్ల ఎత్తు. చెమ్మ గాలికి కొండ ఎదురైతే పైకెక్కడం తప్ప దారి లేదు, ఎక్కితే చల్లబడక తప్పదు, చల్లబడితే కురవక తప్పదు. మిగిలిన సంచులన్నీ ఆ వాలుల మీదే విప్పేసింది. వంశధార, మహేంద్రతనయ పొంగాయి. స్తంభాలు వంచే జోరు తగ్గిపోయాకే గజపతిలో కొండచరియ మనుషుల మీద పడింది.