లచ్చిని జిరాక్స్ తీయొచ్చా?

అత్తాపూర్‌లో మా వీధికి పాలు పోసే ఆయన మొన్న పొద్దున క్యాన్ కింద పెట్టి, "సార్, ఆవుని జిరాక్స్ తీస్తరంట గదా, ఫోన్ల చూసిన. మా లచ్చిని గూడ తీయొస్తదా?" అని అడిగాడు. లచ్చి వాళ్లింట్లో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చే ఆవు. నలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, గుమ్మంలో నిలబడి రెండు మాటల్లో చెప్పలేక "తీయొచ్చు గానీ అది జిరాక్స్ కాదు" అని నసిగి ఊరుకున్నాను. ఆయన అడిగింది క్లోనింగ్ గురించి, అంటే ఒక జంతువు కణం నుంచే అవే జన్యువులున్న ఇంకో జంతువును పుట్టించడం. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నా. కణం, డీఎన్ఏ వగైరా పదో తరగతి పుస్తకంలో ఉన్నాయి, వాటి జోలికి పోను.

ఆయన చూసింది గంగ అనే క్లోన్ దూడ వీడియో అయ్యుంటుంది. 2023 మార్చి 16న హర్యానాలోని కర్నాల్‌లో, జాతీయ పాడి పరిశోధన సంస్థలో పుట్టిన గిర్ జాతి పెయ్యదూడ, పుట్టినప్పుడు 32 కిలోలు. దానికి ఒక రకంగా ముగ్గురు తల్లులు. కణం ఇచ్చింది గిర్ ఆవు, అండం ఇచ్చింది సాహివాల్, మోసి కన్నది సంకరజాతి ఆవు. అండంలోని కేంద్రకం తీసేసి, అందులో గిర్ కణాన్ని కలిపి, వారం పాటు ల్యాబ్‌లో పెంచి, మూడో ఆవు గర్భంలో పెట్టారు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఆ కలిపాక అండం చేసే పని. ఎమ్మార్వో ఆఫీసు రికార్డు గది గుర్తు తెచ్చుకోండి. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే బీరువాలు, అవే ఫైళ్లు, అంటే అవే జన్యువులు. ఆవుని మొత్తం కట్టడానికి కావలసినవన్నీ చర్మ కణంలోనూ ఉన్నాయి. కానీ అక్కడ చర్మం సెక్షన్ బీరువాలే తెరిచి ఉంటాయి, పాలు, కాలేయం, మెదడు ఫైళ్లన్నిటికీ తాడు కట్టి లక్క సీలు వేసేశారు. ఆ తాడు డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లు, లక్క డీఎన్ఏకి అతుక్కునే మిథైల్ అనే చిన్న రసాయన గుంపులు. మామూలుగా వీర్యకణం లోపలికి వచ్చినప్పుడు అండం కొన్ని గంటల్లోనే దాని కట్లు విప్పి సీళ్లు పీకడం మొదలుపెడుతుంది, ఆ పనిలో ఆరితేరింది. ఇప్పుడు దాని బల్ల మీద చర్మ కణం ఫైళ్లు పడ్డాయి. ఇవి వేరే రకం కట్లు, పాత సీళ్లు, పైగా టైం తక్కువ, ఎందుకంటే ఆవు పిండం ఎనిమిది, పదహారు కణాల దశకొచ్చేసరికి తన ఫైళ్లు తనే చదువుకోవాలి. అప్పటికి ఏదో ఒక ముఖ్యమైన బీరువా మూసే ఉంటే పిండం అక్కడితో ఆగిపోతుంది. 1996లో డాలీ గొర్రె కోసం ఇలా 277 అండాలు కలిపితే 29 పిండాలు గర్భం దాకా వెళ్లాయి, పుట్టింది ఒక్కటే. కర్నాల్‌లోనే 2009లో పుట్టిన సంరూప అనే బర్రెదూడ కొన్ని రోజులే బతికింది.

ఇంకో తిరకాసు ఉంది. కొన్ని సీళ్లు అసలు పీకకూడదు. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, ప్రతి ఫైలూ రెండు కాపీలుంటాయి గదా, కొన్ని ఫైళ్లలో ఎవరో ఒకరి కాపీయే చదవాలని ముందే ముద్ర పడి ఉంటుంది. పెరుగుదలను నడిపించే ఐజీఎఫ్2 జన్యువు అలాంటిదే, తండ్రి కాపీయే పనిచేయాలి. క్లోనింగ్‌లో ఇలాంటి ముద్రలు చెదిరితే దూడ కడుపులోనే విపరీతంగా పెరుగుతుంది, ఈనడం కష్టమై కొన్నిసార్లు తల్లీ దక్కదు. మా క్లాసుల్లో మెండెల్ బఠాణీల దగ్గరే ఏడాదంతా తిరిగేవాళ్లం, ఇంత మజా ఉన్న ఈ పాఠం సిలబస్‌లో ఒక్క పేరా కూడా ఉండేది కాదు.

ఇక లచ్చి మచ్చ. రంగునిచ్చే కణాలు పిండంలో వెన్ను వెంట పుట్టి పొట్ట వైపు, ముఖం వైపు నడుచుకుంటూ వెళ్తాయి. అవి చేరని చోట తెలుపు. ఎవరు ఎంత దూరం నడుస్తారో జన్యువులు కొంతే చెబుతాయి, మిగతాది ఆ నడకలో ఎలా జరిగితే అలా. అందుకే మచ్చల ఆవును క్లోన్ చేస్తే మచ్చలు అచ్చంగా అక్కడే రావు. (సంతలో సుడి చూసి ఎద్దు జాతకం చెప్పేవాళ్లు ఒకే జన్యువులకు రెండు జాతకాలు ఎలా రాస్తారో నాకు చూడాలనుంది.) కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని 37 జన్యువులు అండం ఇచ్చిన ఆవువి, అవీ లచ్చివి కావు.

ఇదంతా మర్నాడు చెబితే ఆయన విని, "మచ్చ పోతే పోనీ సార్, కొమ్ముల్లేకుంట తీయొస్తదా? నిన్న గుద్దింది" అని మోకాలు చూపించాడు. అది జన్యువును దిద్దే పని. అమెరికాలో చేశారు కూడా. కొన్ని జాతులకు పుట్టుకతోనే కొమ్ములు రావు, ఆ జన్యు తేడాను పాడి జాతి కణంలో దిద్ది, ఆ కణాన్ని క్లోన్ చేస్తే 2015లో రెండు కోడెదూడలు కొమ్ముల్లేకుండా పుట్టాయి. అలా పుడితే, మన దగ్గరిలా కొమ్ము మొగ్గల్ని ఎర్రగా కాల్చిన ఇనుముతో మాడ్చే బాధ ఉండదు. నాలుగేళ్లు గడిచాక, 2019లో, అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆ డీఎన్ఏని మళ్లీ చదివారు. ఫైల్లో మార్చిన కాగితం సరిగ్గానే ఉంది, కానీ ఆ కాగితం తెచ్చిన కవరు కూడా పక్కనే అతుక్కుపోయింది. కవరంటే ప్లాస్మిడ్, బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట, యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువులతో సహా. ఆ రెండు కోడెల్లో ఒకదానికి పుట్టిన దూడల్లో కొన్నిటికి కవరు కూడా వారసత్వంగా వచ్చింది.

"అంటే ఇంక చూసుకుంట ఉన్నరన్నట్టు" అన్నాడు పాలాయన, క్యాన్ ఎత్తుకుంటూ. అంతే.