మ్యాచ్‌లు దొరకని జట్టు

మా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతి. మూడు నెలల కిందట స్కూల్లో ఫుట్‌బాల్ టీమ్‌కి పేరు ఇచ్చి వచ్చింది. ఇంట్లో అందరికంటే ముందు అడ్డం పడింది మా అమ్మ. "ఆడబిడ్డకు మోకాలు పోతే రేపు ఎట్ల మే? నువ్వన్నా చెప్పు దానికి" అని నా మీదికి వచ్చింది. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఆమె భయంలో సగం నిజం ఉందనిపించింది. ఆ సగం ఏది, మిగతా సగం ఏది అని చదవడం మొదలుపెడితే అది మన దేశపు మహిళల ఫుట్‌బాల్ జట్టు కథ దాకా లాక్కుపోయింది.

ముందు మోకాలి సంగతి. అలిపిరి దారిలో కొండెక్కి, మళ్ళీ నడిచే దిగినవాళ్ళని అడగండి, ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళ వణుకు అంటారు. దాదాపు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ మనల్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం బరువు మోస్తూనే సాగాలి, ఒంటికి బ్రేక్ వేసినట్టు. మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కువగా ఈ బ్రేక్ పని వల్లే. ఫుట్‌బాల్‌లో ఎగిరి నేల మీదికి దిగినా, పరుగులో ఉన్నట్టుండి పక్కకి తిరిగినా జరిగేది ఇదే, కాకపోతే రెప్పపాటులో అయిపోతుంది. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ ఏటవాలుగా కట్టి ఉంచే పట్టీ ఒకటుంది, ఏసీఎల్ అంటారు. కింది ఎముక ముందుకి జారిపోకుండా పట్టుకునేది అదే. దిగేటప్పుడు మోకాలు లోపలివైపు వంగిపోతే ఆ పట్టీ మీద లాగుడు పెరుగుతుంది, ఎవరూ తగలకుండానే తెగిపోవచ్చు. ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే అమ్మాయిలకి ఇలా తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ. మా అమ్మ భయంలో నిజమైన సగం ఇది.

కారణాల్లో తుంటి ఆకారం, హార్మోన్లు అని కొన్ని చెబుతారు, వాటి మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఇంకొన్ని కారణాలు ఒంట్లో లేవు. చిన్నప్పటి నుంచి ఎగరడం, దూకడం, బరువులు ఎత్తడం అబ్బాయిలకి దొరికినంత వీళ్ళకి దొరకదు. బూట్లు చాలాకాలం మగవాళ్ళ పాదం కొలతలకే తయారయ్యాయి. నార్వేలో 125 క్లబ్బుల్లో ఆడే 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,892 మంది మీద ఒక పరిశోధన జరిగింది, 2008లో అచ్చయింది. కొందరు మామూలుగా ఆడారు, మిగతావాళ్ళు ఆటకి ముందు ఇరవై నిమిషాలు ఒక వరసలో వ్యాయామాలు చేశారు. ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మెత్తగా దిగడం, తొడ వెనక కండరాన్ని గట్టిపరచడం, ఇలాంటివే. వ్యాయామాలు చేసినవాళ్ళలో పెద్ద గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. వస్తువులేవీ అక్కర్లేదు, ఒక బంతి చాలు. ఇది చదివిన రోజు నాకు సంతోషం కంటే బాధే ఎక్కువైంది. ఇంత సులువైన పని ఎన్ని స్కూళ్ళలో చేయిస్తున్నారు?

ఆడవాళ్ళ ఒంటి గురించిన భయాన్ని చట్టంగా మార్చిన చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్ 26న గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ళ మ్యాచ్ చూడటానికి దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి సంవత్సరమే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని చెప్పి, తన సభ్య క్లబ్బుల మైదానాల్లో వాళ్ళని ఆడనివ్వద్దని ఆర్డర్ వేసింది. అది ఎత్తేయడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. బ్రెజిల్‌లో నిషేధం 1941 నుంచి 1979 దాకా నడిచింది. 1991లో చైనాలో మొదటి మహిళల ప్రపంచ కప్ పెట్టినప్పుడు కూడా మ్యాచ్ తొంభై నిమిషాలు కాదు, ఎనభై నిమిషాలే.

ఇక మన జట్టు. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కి విడిగా ఒక సమాఖ్య పెట్టుకున్నారు. 1980లో కేరళలోని కోళికోడ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగితే మనవాళ్ళు ఫైనల్ దాకా వెళ్ళి చైనీస్ తైపీ (తైవాన్ జట్టు) చేతిలో ఓడారు. 1981లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్, ఈసారి థాయ్‌లాండ్ చేతిలో ఓటమి. శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది ఆ కాలంలోనే, మహిళా ఫుట్‌బాలర్లలో ఆమే మొదటిది. మా తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలైంది కూడా 1983లోనే. మన అమ్మాయిలు ఆసియాలో రెండో స్థానంలో ఉన్న సంవత్సరం అది, ఆ సంగతి మా ఊళ్ళో ఎంతమందికి తెలిసి ఉంటుందో అని ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

పదిహేనేళ్ళ తర్వాత, 1998లో, అదే బ్యాంకాక్‌లో ఏషియన్ గేమ్స్. చైనా మన మీద 16-0తో గెలిచింది.

ఆ పదిహేనేళ్ళలో మన అమ్మాయిల మోకాళ్ళు మారలేదు, ఊపిరితిత్తులు మారలేదు. చైనా తన జట్టుని వరసగా ఆడించింది, మన జట్టుకి ఆడటానికి మ్యాచ్‌లే సరిగ్గా లేవు. విడిగా ఉన్న సమాఖ్యని 1990ల మొదట్లో దేశపు ప్రధాన సమాఖ్యలో కలిపేశారు గానీ, కలిపినంత మాత్రాన షెడ్యూల్ వచ్చేయదు కదా. 2003 తర్వాత ఆసియా కప్‌లో మన జట్టు మళ్ళీ కనబడింది 2022లో. 2009లో ఇంకో ఘోరం జరిగింది, ఫిఫా ర్యాంకింగ్ పట్టికలో మన పేరే లేకుండా పోయింది. కారణం ఏడాదిన్నరగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడకపోవడం.

ఆ ర్యాంకింగ్ ఎలా పని చేస్తుందో కొంచెం చెప్పాలి. చదరంగం ఆడేవాళ్ళకి ఈలో రేటింగ్ తెలిసే ఉంటుంది. అర్పాద్ ఈలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ తయారు చేసిన పద్ధతి అది, మహిళల ఫుట్‌బాల్ ర్యాంకింగ్ కూడా దాని మీదే నడుస్తుంది. ఇద్దరి పాయింట్ల తేడా చూసి ఎవరు గెలవవచ్చో ముందే అంచనా కడతారు. తేడా 400 ఉంటే బలమైన జట్టుకి పదకొండింట పది వంతుల అవకాశం. అంచనాకి మించి ఆడితే పాయింట్లు వస్తాయి, తగ్గితే పోతాయి. అంటే పెద్ద జట్టుతో ఆడి గట్టి పోటీ ఇవ్వడమే పైకి వెళ్ళే దారి. ఆడకపోతే పాయింట్లు కదలవు, కొన్నాళ్ళకి పట్టికలో నుంచి పేరు తీసేస్తారు.

రోజూ ప్రాక్టీస్ చేస్తున్నారు కదా, మ్యాచ్ ఎందుకు అని మా స్కూల్ పిల్లల తల్లిదండ్రులే అడిగారు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో స్కూటీ నేర్చుకుని నేరుగా లీలామహల్ సర్కిల్‌కి వెళ్ళిన రోజు గుర్తు చేసుకోమన్నాను. బండి అదే, చేతులు అవే, కానీ ఏ ఆటో ఎటు తిరుగుతుందో తెలియదు, టెన్షన్‌తో బ్రేక్ మీద నుంచి చెయ్యి తీయలేం. కంటికి కనబడినదానికి కాలు కదలడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. బంతి వచ్చాక కదిలితే ఆలస్యమైపోయినట్టే. అనుభవం ఉన్న ఆటగాళ్ళు ఎదుటి మనిషి తుంటి ఎటు తిరిగింది, భుజం ఎటు వంగింది అని చూసి బంతి తన్నకముందే కదులుతారు. ఈ అంచనా కొత్త కొత్త ప్రత్యర్థులతో ఆడితేనే మెదడుకి అలవాటవుతుంది. రోజూ అదే ఇరవై మందితో ఆడితే ఆ ఇరవై మంది మాత్రమే అర్థమవుతారు.

మన జట్టుకి మ్యాచ్‌లు దొరికినప్పుడల్లా దీనికి రుజువు కనిపించింది. 2010లో దక్షిణాసియా దేశాలకి శాఫ్ టోర్నమెంట్ మొదలైతే మనవాళ్ళు వరసగా ఐదుసార్లు గెలిచారు. 2017లో మహిళల లీగ్‌కి మొదటి విజేత వచ్చింది. మణిపూర్ అమ్మాయి బాలాదేవి 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్‌కి వెళ్ళింది. అక్కడే మోకాలి లిగమెంట్ దెబ్బతింది, సరిగ్గా మా అమ్మ భయపడే గాయమే. కోలుకుని మళ్ళీ దేశం జెర్సీ వేసుకుంది, 2024 శాఫ్ టోర్నమెంట్‌లో 50వ అంతర్జాతీయ గోల్ కొట్టింది. 2022 ఆసియా కప్ మాత్రం గుండె కోసేసింది. సొంత దేశంలో టోర్నమెంట్, ఇరాన్‌తో 0-0 తర్వాత శిబిరంలో కోవిడ్ వచ్చి కనీసం 13 మందిని కూడా దింపలేక జట్టు తప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత 2025లో ఆసియా కప్ క్వాలిఫయర్లు, అంటే కప్‌లో చోటు కోసం ఆడే అర్హత మ్యాచ్‌లు. మంగోలియా మీద 13-0. ఆ గోల్స్‌లో రెండు మన తెలుగు అమ్మాయివి, నిజామాబాద్ సౌమ్య గుగులోత్. జూలై 5న చియాంగ్ మాయ్‌లో ఆఖరి మ్యాచ్, ఎదురుగా థాయ్‌లాండ్. వాళ్ళు రెండు ప్రపంచ కప్‌లు ఆడిన జట్టు, ర్యాంకు 46, మనది 70, పైగా వాళ్ళ సొంత మైదానం. ఈలో లెక్కలో సొంత మైదానానికి 100 పాయింట్లు కలుపుతారు, అంటే రెండు జట్లూ సమానమైనా అవకాశం 64 శాతానికి పెరుగుతుంది. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది, 2-1తో గెలిచాం. క్వాలిఫయర్లు ఆడి నెగ్గి ఆసియా కప్‌కి వెళ్ళడం మన జట్టుకి అదే మొదటిసారి. ఆ రాత్రి ఫోన్‌లో స్కోర్ చూసి నేనూ మా పాపా గట్టిగా అరిచాం, మా అమ్మ నిద్ర లేచి వచ్చింది.

ఇప్పుడు పాప రోజూ ఇరవై నిమిషాల వ్యాయామాలు చేస్తోంది. కష్టమైనది తొడ వెనక కండరానిది. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఒకరు మడమలు కదలకుండా పట్టుకుంటే, నడుము వంచకుండా నిదానంగా ముందుకి వాలాలి. అలిపిరి మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం చేసే బ్రేక్ పనినే ఇక్కడ వెనక కండరం చేస్తుంది. ఇంట్లో మడమలు పట్టుకునేది నేను.

టీమ్‌లో పద్నాలుగు మంది ఉన్నారు. మూడు నెలలుగా ప్రాక్టీస్ చేస్తున్నారు, ఇంతవరకు ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఎందుకంటే చుట్టుపక్కల మేము అడిగిన ఏ స్కూల్లోనూ అమ్మాయిల టీమ్ లేదు. "పెద్దమ్మా, మ్యాచ్ ఎప్పుడు?" అని వారానికోసారి అడుగుతుంది. చంద్రగిరిలో, రేణిగుంటలో, శ్రీకాళహస్తిలో, పుత్తూరులో ఎక్కడైనా ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలు పదకొండు మంది కాదు, ఏడుగురు ఉన్నా చెప్పండి. మేమూ ఏడుగురినే దింపుతాం, సంక్రాంతి సెలవుల్లో మా పిల్లలనే అక్కడికి తీసుకొస్తాం.